కసిమీరా ఊపిరిలోని తగరం

కసిమీరా కోల్కే చేతికి సుత్తి వచ్చేనాటికి ఆమెకి పాలపళ్లు ఇంకా పూర్తిగా ఊడలేదు. తండ్రి సాంతా రుఫీనా గనిలో తగరం తవ్వేవాడు. గని జబ్బు పట్టుకుని, నలభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. మట్టి చేసి వచ్చారో లేదో గని గుమాస్తా గుమ్మంలో నిలబడి, ఇంట్లో గనికి పనిచేసే మనిషి లేకపోతే గనివాళ్ల ఇల్లు ఖాళీ చెయ్యాలన్నాడు. ఆడది గనిలోకి దిగితే ఖనిజం అలిగి లోపలికి పోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అందుకని తల్లి బయట, పారేసిన రాళ్ల గుట్ట మీద పనికి కుదిరింది. రాళ్లు పగలగొట్టి, మగవాళ్ల కళ్లు తప్పిన తగరం ముక్కలు ఏరాలి. ఆ పని చేసే ఆడవాళ్లని పల్యీరీలంటారు. తల్లి పక్కన బోర్లించిన డబ్బా మీద కసిమీరా కూర్చునేది. వేళ్లు కొంకర్లు పోయే చలి, ఎదురు గాలి. బుగ్గన కోకా ఆకు పెట్టుకుంటే ఆకలి తెలిసేది కాదు.

ఆమెకి పదహారేళ్లప్పుడు తగరం ధర పడిపోయి గని మూతపడింది. మనుషుల్నీ మంచాల్నీ కుక్కల్నీ కలిపి లారీలకెక్కించారు. కొన్ని లారీలు వేడి ప్రాంతాలకి పోయాయి, కొన్ని పీఠభూమి మీదున్న ఒరూరో పట్నానికి వచ్చాయి. కసిమీరా, తల్లి ఒరూరోలో దిగారు. తల్లి ఆ ఊరి నీళ్లు ఎక్కువకాలం తాగలేదు, పోయింది. కసిమీరా ఇళ్లల్లో బట్టలు ఉతికింది. ఒక బ్యాండులో బాకా ఊదేవాణ్ణి నమ్మింది. కూతురు డెల్ఫీనా పుట్టాక అతను చిలీలో పనుందని సరిహద్దు దాటాడు. మళ్లీ ఈ వైపు రాలేదు.

భూగర్భశాస్త్రం చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో మనిషి కావాలని బట్టలు వేసే ఒకావిడ చెబితే వెళ్లింది. అక్కడ రొలాందో ఉర్కియెతా అనే లెక్చరర్ ఉన్నాడు. అప్పటికి పిల్లవాడే, కొత్తగా విదేశంలో చదువుకుని వచ్చాడు. మునుపు ఏం పని చేసేదానివని అడిగితే, గుట్ట మీద రాళ్లు కొట్టేదాన్నని చెప్పింది. ఉర్కియెతా పకపకా నవ్వి, తనకి కావలసింది అచ్చంగా ఆ మనిషేనన్నాడు.

ఆ పని ఇలా ఉండేది. కొండల నుంచి సంచుల్లో రాళ్లు వచ్చేవి. వాటిని కడిగి, ఆరబెట్టి, దవడలాంటి మిషన్లో పడేసి నలగ్గొట్టాలి. ఆ నలిగినదాన్ని మరలో వేసి, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా చెయ్యాలి. ఒక రాయి పిండి ఇంకో రాయి పిండిలో రవ్వంత కలిసినా అంతా వృథా. అందుకని ప్రతి రాయికీ మధ్య మరని బ్రష్షుతో తుడిచి, కంప్రెసర్ గాలి కొట్టి ఊదాలి. ఊదిన పిండి ఎక్కడికి పోతుంది? గదిలోనే లేస్తుంది. ఆ గది ఒకప్పుడు బొగ్గులు వేసుకునే కొట్టు. ఒకే ఒక్క కిటికీ. ఆ పీఠభూమి గాలి సంగతి తెలిసిందే, తలుపు తీస్తే చాలు, దేశంలో ఉన్న దుమ్మంతా లోపలికి తెస్తుంది. బయటి దుమ్ము పడితే రాళ్ల లెక్కలు చెడిపోతాయని ఉర్కియెతా కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొట్టించి అంచులకి టేపు వేయించాడు. గాలి లాగే ఫ్యాన్ ఒకటి ఉండేది. అది తిరిగితే తలుపు సందుల్లోంచి బయటి గాలి వస్తోందని దాని వైరు పీకేశారు. కసిమీరాకి ఒక గుడ్డ ముసుగు ఇచ్చారు. అది చిరిగితే తను తలకి కట్టుకునే గుడ్డే ముక్కుకి చుట్టుకునేది.

సాయంత్రం బయటికొస్తే జడలూ కనుబొమలూ తెల్లగా ఉండేవి. మెట్ల మీద కూర్చున్న విద్యార్థులు లేచి నిలబడి, "తెల్లదొరసాని గారు వేంచేస్తున్నారు, దారివ్వండ్రా," అనేవాళ్లు. కసిమీరా నోరు ఊరుకునేది కాదు. "నేను ఇంటికెళ్లి కడుక్కుంటే నల్లబడతాను. మీ మార్కులు ఎన్ని నీళ్లు పోసినా తెల్లబడవు నాయనా," అని సాగిపోయేది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఆమెకి ఆ ఇన్‌స్టిట్యూట్ అంటే ఇష్టం. అక్కడ తనకో పేరుంది. అమ్మగారు అన్నట్టు మర్యాదగా దోన్యా కసీ అనేవాళ్లు, ఆ పేరు తెలియనివాళ్లు లేరు.

ఉర్కియెతా అంటే కూడా ఇష్టమే. ఇంజనీరుగారు అనడానికి అక్కడ అందరిలాగే ఆమె కూడా ఆయన్ని ఇంజె అనేది. ఆయన కొన్ని మధ్యాహ్నాలు కాఫీ కప్పు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, దుమ్ము లేని చోట నిలబడి మాట్లాడేవాడు. ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుక అనేవాడు. ఆ ఇసుక ఏ కొండ అరిగితే వచ్చిందో, ఆ కొండ ఇప్పుడు లోకంలో లేదు. అది పోయింది కానీ దాని గుర్తు రేణువులో దాక్కుని ఉంది. నీళ్లలో కరిగేవన్నీ దారిలో కరిగిపోతాయి. థోరియం, స్కాండియం, జిర్కోనియం లాంటివి మొండివి, ఎంత దూరం దొర్లినా పుట్టింటి పోలిక వదులుకోవు. వాటి పాళ్లు చూస్తే ఆ కొండ ఏ జాతి రాయో, అగ్నిపర్వతమో కాదో చెప్పొచ్చు. నల్లరాళ్లు నలగ్గొట్టినప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడితే, అది అడుగున గాలి ఆడని సముద్రమని చెప్పేవాడు. అక్కడ పడ్డ ప్రాణి అక్కడే ఊపిరందక చచ్చేదట. "రాయి అబద్ధం చెప్పదు కసీ. మనిషే చెబుతాడు," అనేవాడు. కసిమీరా ఇంటికెళ్లి డెల్ఫీనాకి అవన్నీ కథల్లా చెప్పేది. ఆ పిల్ల వింటూ వింటూ, ఆ కొండ తిరిగొస్తే మనకి జీతం పెంచుతారా అని అడిగేది.

ఉర్కియెతాకి పేరొచ్చింది. ఆయన పరిశోధనలు ఎక్కడెక్కడో అచ్చయ్యాయి, దేశదేశాల నుంచి ప్రాజెక్టులు వచ్చాయి. ఆ వ్యాసాల చివర్లో ఆయన ఎవరెవరికో కృతజ్ఞతలు చెప్పుకునేవాడు. మిషన్లు దానమిచ్చినవాళ్ల పేర్లు ఉండేవి.

నడుమ కొన్నేళ్లపాటు ఇంకో పని కూడా నడిచింది. ఒక ప్రైవేటు గని కంపెనీ, తగరం ఎక్కడ ఎంతుందో చూడమని ఉర్కియెతాకి ఖనిజం సంచులు పంపేది. అది ఇన్‌స్టిట్యూట్ పని కాదు, ఆయన సొంత బేరం. క్లాసులయ్యాక జీపులో వచ్చేవి. నల్లగా, బరువుగా ఉండే రాళ్లు. అవి చూడగానే కసిమీరాకి తల్లి గుర్తొచ్చి నవ్వొచ్చేది, వదిలినా వదల్లేదే అని. అదే గదిలో, అదే మరలో వాటిని పిండి చేసింది. తర్వాత మరని ఎప్పటికంటే జాగ్రత్తగా తుడిచింది. ఎందుకంటే ఆ తగరం మర్నాటి ఇసుకరాళ్లకి అంటుకోకూడదు. పండక్కి ఉర్కియెతా ఒక కోడిని, ఒక తీపి రొట్టెని పంపేవాడు.

ఆ రోజుల్లోనే యోవానా తికోనా అనే అమ్మాయి చదువుకోవడానికి వచ్చింది. ఉప్పు మైదానం అంచున కీన్వా గింజలు పండించే ఇల్లు. హాస్టలు లేదు, చేతిలో ఏమీ లేదు. మధ్యాహ్నం అందరూ తినడానికి పోతే ఈ పిల్ల మెట్ల మీద పుస్తకం తెరిచి, పేజీ తిప్పకుండా కూర్చునేది. అది కసిమీరా కనిపెట్టింది. ఆకలిగా ఉన్నవాళ్లు పేజీ తిప్పరని ఆమెకి తెలుసు. తన కారియర్‌లోంచి చున్యో వేసిన పులుసు సగం పోసి ఇచ్చింది. చలికి ఎండిన ఆ నల్ల బంగాళాదుంపలంటే ఆ పిల్లకి ప్రాణం. అప్పటినుంచి చదువు అయ్యేదాకా ఆ కారియర్ ఇద్దరిదీ. యోవానా ఆమెని కసీమ్మా అని పిలిచేది. సాయంత్రాలు గదిలోకొచ్చి సంచులు ఇటు జరపడం, అటు ఎత్తడం చేసేది. జీపు సంచులు కూడా.

దగ్గు ఎప్పుడు మొదలైందో కసిమీరాకే తెలీదు. చలికాలపు దగ్గు అనుకుంది, ఆ చలికాలం వెళ్లనే లేదు. ఇంటికి వెళ్లే ఎత్తురోడ్డు మీద మొదట ఒకచోట ఆగేది, తర్వాత ప్రతి గుమ్మం దగ్గరా ఆగేది. సంతలో ఆపి అనే ఊదారంగు మొక్కజొన్న గంజి అమ్ముకునే డెల్ఫీనా, ఆ వేడి గంజి పొయ్యి మీదే వదిలేసి, తల్లిని బలవంతాన బీమా ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు ఎక్స్‌రే ఫొటో వెలుతురుకి ఎత్తిపట్టుకుని, ఎన్నేళ్లు గనిలో చేశారని అడిగాడు. కసిమీరా గనిలో చెయ్యలేదంది. డాక్టరు నమ్మలేదు. క్యాన్సరేమోనని ఊపిరితిత్తి నుంచి చిన్న ముక్క తీశారు. క్యాన్సర్ కాదు. రాతిదుమ్ము. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, వెనక్కి రావు.

ఇన్‌స్టిట్యూట్ ఆమెని ఇంటికి పంపేసింది. ఆ జబ్బు ఆ పనివల్లే వచ్చిందని తేలితే, బతికినన్నాళ్లు ఆక్సిజన్, మందులు, జీతంలో పెద్ద భాగం బీమావాళ్లే ఇస్తారు. అంతకుముందు ఎక్కడో వచ్చిందని తేలితే ఏమీ లేదు. యూనియన్ లాయరు అర్జీ పెట్టాడు. ఆ దుమ్ము ఎక్కడిదో నిరూపించమని బీమా బోర్డు అడిగింది.

ఉర్కియెతా స్వయంగా ఇంటికొచ్చాడు. ఎత్తురోడ్డెక్కి రొప్పుతూ, పళ్ల బుట్ట పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని కసిమీరా చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్న ఆ ముక్కని తనకి ఇప్పిస్తే, ఇన్నేళ్లు ఇసుకరాళ్లకి చేసిన పరీక్షే దానికీ చేస్తానన్నాడు. దుమ్ము ఎక్కడ పుట్టిందో దుమ్మే చెబుతుందన్నాడు. కసిమీరా కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలిముద్ర వేసినంత తొందరగా సంతకం పెట్టింది.

ఆయన వెళ్లాక డెల్ఫీనా, "ఆయన గదిలో వచ్చిన జబ్బుకి ఆయన్నే సాక్షిగా పిలుస్తారా అమ్మా?" అంది.

"నీకు తెలీదు. ఇంజె రాయి విషయంలో మాట తప్పడు."

"నువ్వు రాయివి కాదుగా."

కసిమీరా అటు తిరిగి పడుకుంది.

ముక్కని పరీక్ష చేసింది యోవానా. అప్పటికి చదువు పూర్తయి, ఉర్కియెతా కింద తాత్కాలికంగా పాఠాలు చెబుతోంది. ఆ ఏడే ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఆ కాగితం ఉర్కియెతా బల్ల మీద ఉంది. విచారణకి ముందు ఆదివారం ఆమె కసిమీరాని చూడ్డానికి వచ్చింది. వచ్చిందన్నమాటే కానీ కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన కోకా కషాయం చల్లారేదాకా కప్పులోకే చూసింది. ఏం కనిపించిందమ్మా అని కసిమీరా అడిగితే, రాసేది ఇంజె అని, తను కొలతలు మాత్రమే తీశానని చెప్పింది. పిల్ల బాగా అలిసిపోయిందని కసిమీరా జాలిపడింది. తల నిమిరి, సరిగ్గా తింటున్నావా అని అడిగింది. యోవానా లేచి బాత్‌రూమ్ ఎక్కడని అడిగి, అందులో చాలాసేపు ఉండిపోయింది. వెళ్లేటప్పుడు కసిమీరా ఆమె సంచిలో చున్యో పొట్లం పెట్టించింది.

బోర్డు గది చిన్నది. బల్ల వెనక ముగ్గురు. నడుమ కూర్చున్న అధ్యక్షుడు జలుబుతో ఉన్నాడు, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. కసిమీరా తన మంచి శాలువా కప్పుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉర్కియెతా లేచాడు. ఆయన మాట్లాడడం మొదలుపెట్టగానే ఆమె మొహం విప్పారింది. అవన్నీ ఆమెకి తెలిసిన మాటలే. నీళ్లలో కరిగేవి కరిగిపోతాయన్నాడు. మొండివి నిలుస్తాయన్నాడు. ప్రతి రేణువుకీ పుట్టిల్లు ఉంటుందన్నాడు. కసిమీరా తలూపుతోంది, పాఠం అప్పజెప్పే పిల్లని చూసిన తల్లిలా.

తర్వాత ఆయన ఊపిరితిత్తి ముక్కలో ఏముందో చెప్పాడు. క్వార్ట్జ్ ఉంది, జిర్కాన్ ఉంది. అవి ఇసుకరాళ్లలో ఉండేవే, కానీ ఈ పీఠభూమి గాలి నిండా ఉండేవి కూడా అవే, ఒరూరోలో పుట్టి పెరిగిన ఎవరి ఊపిరిలోనైనా ఉంటాయి, అవి దేనికీ రుజువు కావు అన్నాడు. డెల్ఫీనా వెనక బెంచీ మీంచి లేచి, ఆ గాలి ఆ గదిలోకి రాకుండా టేపు వేయించింది మీరే కదా అంది. లాయరు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. కుటుంబసభ్యులు మాట్లాడకూడదట.

ఉర్కియెతా ఆమె కూర్చునేదాకా ఆగి, మెల్లగా కొనసాగించాడు. రుజువు తగరంలో ఉందన్నాడు. ముక్కలో తగరం రేణువులున్నాయి, వాటితోపాటు గని రాళ్లలో తగరంతో కలిసి ఉండే నల్లటి టూర్మలీన్ ఖనిజం ఉంది. ఇన్‌స్టిట్యూట్ పరిశోధించే ఇసుకరాళ్లలో తగరం లేనట్టే లెక్క. ఇన్నేళ్లు తను వాటినే కొలిచాడు, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ తగరం పుట్టిల్లు గని. దోన్యా కసిమీరా చిన్నతనంలో సాంతా రుఫీనా గుట్ట మీద రాళ్లు కొట్టేది. ఉద్యోగంలో చేరిన రోజు ఆవిడే తనకి ఆ మాట చెప్పింది. ఆవిడ తండ్రి కూడా ఆ జబ్బుతోనే పోయాడు. ఈ మాట చెప్పాల్సి రావడం తనకెంతో బాధగా ఉందన్నాడు.

కసిమీరాకి ముందు అర్థం కాలేదు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతాడని, ఇప్పుడు చెప్పబోయేదే అసలు మాట అని ఎదురుచూసింది. ఆయన కూర్చున్నాడు. అప్పుడు ఆమె లేచింది.

"తగరం ఆ గదిలో కూడా కొట్టాను కదా ఇంజె. మీ జీపులో వచ్చేవి. నల్ల సంచులు."

ఉర్కియెతా బోర్డు వైపే చూస్తూ, ఇన్‌స్టిట్యూట్‌కి అలాంటి పని ఎప్పుడూ రాలేదని, పుస్తకాల్లో చూసుకోవచ్చని అన్నాడు. ఊపిరి సరిగా అందని రోగులకి జ్ఞాపకాలు తారుమారవుతాయని, పాపం ఆవిడ తప్పేమీ లేదని కూడా అన్నాడు. అధ్యక్షుడు ముక్కు తుడుచుకుని, పరీక్ష చేసిన అమ్మాయి ఎవరని అడిగాడు. యోవానా లేచింది. ఆ రోజుల్లో విద్యార్థినిగా ఆ గదిలోకి వెళ్లేదానివా అని అడిగితే, అప్పుడప్పుడు అంది. గని నుంచి వచ్చిన సంచులేమైనా చూశావా అని అడిగాడు.

కసిమీరా ఆమె వైపు తిరిగి చూసింది. బతిమాలినట్టు కూడా కాదు. క్లాసులో జవాబు వచ్చిన పిల్లని చూసినట్టు.

"నాకు గుర్తు లేదండి," అంది యోవానా.

అర్జీ కొట్టేశారు. బయటి వరండాలో కసిమీరా గోడ పట్టుకుని నిలబడింది. ఒక్కో గుక్క గాలి కోసం ఆగుతోంది. ఉర్కియెతా దగ్గరికొచ్చాడు. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగా ఉన్నాయి.

"నా మీద కోపం పెట్టుకోకు కసీ. అక్కడ నేను చెప్పినదాంట్లో ఒక్కటైనా అబద్ధం ఉందా? నువ్వే చెప్పు."

తగరం నిజం. గుట్ట నిజం. తండ్రి నిజం. కసిమీరా వెతికి చూసుకుంది, అబద్ధం దొరకలేదు. దొరక్క, ముప్పై ఏళ్ల అలవాటు నోట్లోంచి తనంతట తనే వచ్చేసింది.

"నలుగురిలో సంచుల మాట ఎత్తాను. ఏమీ అనుకోకండి ఇంజె."

పర్లేదులే అని ఆయన ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

డెల్ఫీనా ఆ మాట విన్నది. ఊపిరాడని తల్లిని టాక్సీ ఎక్కించింది, ఇంటి దగ్గర ఎత్తురోడ్డు మీద వీపున మోసుకుంటూ తీసుకెళ్లింది, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. అప్పుడు అంది. "నిన్ను చంపింది వాడు. క్షమాపణ నువ్వు చెప్పావు. ఇంకెప్పుడూ నాకు కొండల కథలు చెప్పకు." ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆ ఇంట్లో అన్నం పెట్టడం, మందులివ్వడం ఉన్నాయి కానీ మాట లేదు. ఉర్కియెతా మీదా యోవానా మీదా ఉండాల్సిన కోపమంతా, చేతికి అందే మనిషి కసిమీరా కాబట్టి, ఆమె మీదే పడింది. కసిమీరా దానికి ఎదురు చెప్పలేదు. ఒకసారి మాత్రం, తనని కూర్చోబెట్టి వీపు రుద్దుతున్న కూతురితో, ఆ మాట ఎందుకన్నానో తనకే తెలియదని, నోరు తనది కాకుండా పోయిందని చెప్పింది. డెల్ఫీనా రుద్దడం ఆపలేదు.

సంతలో డెల్ఫీనాకి రెండు పొయ్యిలుండేవి. ఒకటి అమ్మి ఆక్సిజన్ సిలిండర్ అద్దెకి తెచ్చింది. అది రోజంతా పెట్టడానికి చాలదు. తల్లి పెదాలు నీలంగా మారితే తెరిచేది, కాస్త ఎర్రబడగానే కట్టేసేది. కట్టేసేటప్పుడు కసిమీరా ఆ పిడి వైపు చూసి కళ్లు మూసుకునేది.

మరుసటి ఏడు ఇన్‌స్టిట్యూట్ పాత విద్యార్థి ఒకడు ఆపి గంజి తాగడానికి డెల్ఫీనా దగ్గరికొచ్చాడు. మంచి కుర్రాడు, మనసులో ఏమీ లేదు. కసిమీరా ఆరోగ్యం అడిగాడు. లా పాస్‌లో జరిగిన పెద్ద మహాసభకి వెళ్లొచ్చానని, అక్కడ ఉర్కియెతా గారు ఇసుకరాళ్లకి చేసే పద్ధతినే మనిషి ఊపిరితిత్తికి ఎలా వాడారో చెబితే విదేశీయులు కూడా లేచి చప్పట్లు కొట్టారని చెప్పాడు. తెర మీద రేణువుల ఫొటోలు ఎంత పెద్దవిగా, ఎంత అందంగా ఉన్నాయో చేతులతో చూపించాడు. అది మీ అమ్మగారిదని నాకు తెలుసు, ఆవిడకి చెప్పండి, సంతోషిస్తారు అన్నాడు. డెల్ఫీనా ఇంటికొచ్చి, ఎందుకు చెప్పిందో ఏమో, ఉన్నదున్నట్టు చెప్పింది. కసిమీరా గాలి అందే దాకా ఆగి అడిగింది.

"నా పేరు చెప్పారంటనా?"

"లేదు. నంబరు వేశారంట."

కసిమీరా తలూపింది. నంబరు వెయ్యడం ఆమెకి తెలిసిన పనే. ప్రతి పిండి పొట్లం మీదా తనే వేసేది.

ఆగస్టులో, దుమ్ముగాలులు లేచే రోజుల్లో పోయింది. సిలిండర్ ఖాళీ అయింది, కొత్తది మధ్యాహ్నానికి తెస్తామన్నారు. డెల్ఫీనా విసనకర్రతో విసురుతూనే ఉంది. ఆ గాలి కసిమీరా ముక్కుదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చివరి గంట ఆమె ఎవర్నీ పిలవలేదు, ఏమీ చెప్పలేదు. చేపలా నోరు తెరుస్తూ, కూతుర్ని కూడా గుర్తుపట్టకుండా, గాలి తప్ప ఇంకేమీ అక్కర్లేని ప్రాణిగా పోయింది.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాసిన రిబ్బనుతో పూలచక్రం వచ్చింది. సాయంత్రానికి ఉర్కియెతా కూడా వచ్చాడు. శవం దగ్గర కాసేపు నిలబడి, గోడవార కుర్చీలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తీసుకున్నాడు. కసీ అంత శుభ్రంగా పనిచేసే మనిషి తనకి మళ్లీ దొరకలేదని పక్కవాళ్లతో అన్నాడు. డెల్ఫీనా వెళ్లి ఆయన ముందు నిలబడింది. ఆ గదిలో ఉన్నవాళ్లందరూ ఏదో జరుగుతుందనుకున్నారు. ఆమె గొంతు పెంచలేదు.

"అమ్మ దగ్గర తీసిన ముక్క మీ దగ్గరుంది. ఇచ్చేయండి. పెట్టెలో పెడతాను. మనిషిని మొత్తంగా పంపించాలి."

ఉర్కియెతా కప్పు కింద పెట్టాడు. ఎంతో ఓపిగ్గా, క్లాసులో చెప్పినట్టు వివరించాడు. ఆ పరీక్షలో మాంసాన్ని ముందు మందులో కరిగించేస్తారు. మిగిలిన దుమ్ములో కొంత సూక్ష్మదర్శిని కింద చూస్తారు, ఆఖరికి దాన్ని కూడా గట్టి ఆసిడ్‌లో కరిగిస్తారు. కరిగిస్తే కానీ కొలవలేరు. అందుకని ముక్క అంటూ ఏమీ మిగలదు.

"ఆ కరిగించిన నీళ్లు?"

"పారబోశామమ్మా. పాత డ్రమ్ముల్లో పోసేస్తాం."

"ఆ డ్రమ్ములెక్కడికి పోతాయి?"

"మునిసిపాలిటీ వాళ్లు తీసుకెళ్తారు. ఎక్కడికో నాకు తెలీదు."

డెల్ఫీనా ఆయన కప్పు తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. ఆయన ఇంకాసేపు కూర్చుని, టోపీ పెట్టుకుని లేచాడు.

శ్మశానానికి యోవానా వచ్చింది. గేటు దగ్గరే, గోడకి ఆనుకుని నిలబడింది. అప్పటికి ఆమె ఉద్యోగం పర్మనెంటయి ఏడాది దాటింది, ఒంటి మీద మంచి కోటు ఉంది. పెట్టె దింపి, మట్టి వేసి, ఆచారం ప్రకారం వచ్చినవాళ్లందరికీ డెల్ఫీనా గుప్పెడు గుప్పెడు కోకా ఆకు పంచుతోంది. యోవానా ముందుకొచ్చి రెండు చేతులూ చాపింది. మొహమంతా ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉంది.

"డెల్ఫీ, కసీమ్మ నాకు తల్లి. తన అన్నం సగం నాకు పెట్టింది. నీకు తెలుసు కదా."

డెల్ఫీనా ఆమె చాపిన చేతులకేసి చూసింది.

"నాకు గుర్తు లేదు," అంది. పక్కనున్న ముసలావిడ చేతిలో ఆకు పోసింది.

యోవానా ఆ చేతులు ఎలా దించుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. జనం ఆమెని తప్పుకుని గేటు వైపు నడిచారు. గాలికి టోపీలు ఎగిరిపోకుండా అందరూ తలలు పట్టుకుని పోతుంటే, ఆమెని పలకరించినవాళ్లు లేరు.

డెల్ఫీనా మర్నాడు సంతకి వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లింది. తల్లి పోయాక వచ్చిన ఆ నిండు సిలిండర్ వాపసు ఇవ్వడానికి వెళితే, అద్దె ఆ నెలాఖరు దాకా ముందే కట్టారు కదా, ఉంచుకోండి, ఎవరికైనా పనికొస్తుంది అన్నాడు ఆ దుకాణదారు. ఆమె దాన్ని అక్కడే, గుమ్మంలో, నిలబెట్టి వచ్చేసింది.